సోమవారం కాదు, మంగళవారం

మంగళవారం తెల్లవారుజామున నాలుగుంపావుకి నా భార్య పోయింది. పక్కనే ఉన్న ఆశా కార్యకర్త అప్పుడే తన ఫోనులో నమోదు చేసింది. అయినా మరణ ధ్రువపత్రంలో సోమవారం తేదీ వచ్చింది. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. తప్పే. సోమవారం సాయంత్రం ఆమె నా చేత్తో అంబలి తాగింది.

సమాధి రాయి మీద కాగితంలో ఉన్న తేదీనే చెక్కుతానన్నాడు మేస్త్రి. మా గ్రామ సచివాలయానికి వెళ్ళి, కంప్యూటరు ముందున్న అమ్మాయి మీద కేకలేశాను.

"ఏటే గుంటా, బతికున్న మనిషిని సంపేసినావు?"

"నాను కాదు తాతా. కంప్యూటరు పెపంచమంతటికీ ఒకే గడియారం ఎట్టి రాసుకుంటాది. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. కాగితం తీసినప్పుడు ఆ ఐదున్నర కలపాల. ఆ కంప్యూటరు కోడు రాసినోల్లు మర్సిపోనారు. అందికే తెల్లారగట్ల పోయినోల్లకి ముందురోజు పడతంది."

"పెపంచం గడియారం నాకెందుకే? ఆవిడ పోయింది మన కొండ మీద."

ఆ అమ్మాయి ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపింది. తప్పు సరిచేయమని పైకి పంపుతానని, సాక్షులెవరో రాసిమ్మని అడిగింది. కలం అందుకుని నేనే రాశాను. మంగళవారం నాలుగుంపావుకి మంచం దగ్గర ఉన్నవాళ్ళు: నేను, మా పెద్దకోడలు, నా భార్య చెల్లెలు, ప్రార్థన చేసిన పాస్టరుగారు, ఆశా కార్యకర్త.