ఇమీడియట్ అంటే భోజనాల తర్వాత

ఆ రోజుల్లో మా బీదరులో ఇంగ్లీషు రానివాడికి సిగ్గేమీ ఉండేది కాదు, సర్కారు నౌకరీ ఒక్కటే ఉండేది కాదు. పోలీస్ యాక్షన్ అయ్యాక దఫ్తర్లలో ఉర్దూ లేచిన కుర్చీలో ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. నేనేమో బగ్దల్ నుంచి వచ్చి, బజారులో బట్టల దుకాణం నడిపే మా మేనమామ ఇంట్లో ఉండి, చదువంతా ఉర్దూలో చదివినవాణ్ణి. ఉర్దూలో దరఖాస్తు రాస్తే చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకోవాల్సిందే. ఇంగ్లీషులో పేరు రాయడానికే నాకు చెమటలు పట్టేవి. నౌకరీ వస్తేనే పిల్లనిస్తానని మామ ముందే చెప్పేశాడు. మరదలంటే నాకు ప్రాణం. (ఆ సంగతి తనకు తెలియదని నేననుకునేవాణ్ణి. అందరికంటే ముందు తనకే తెలుసట.)

నేను నిఘంటువు బట్టీపడుతుంటే మామ చూడలేకపోయాడు. "అల్లుడా, బట్ట రంగు ఉతికితే తెలుస్తది. మాట గూడ అంతే. దఫ్తర్‌ల పోయి కూసో, ఏ మాటకు ఏమైతదో సూడు" అన్నాడు. అలాగే ఒక దఫ్తరు (ఏ దఫ్తరో చెప్పను) వరండాలో, అర్జీలు తెచ్చుకున్న వాళ్ళ మధ్య చేరాను. దొర 'ఇమీడియట్' అని కేకవేస్తే గుమాస్తాలు చాయ్ తెప్పించుకునేవారు. కాగితం భోజనాల తర్వాత కదిలేది, కూర బాగున్న రోజున మర్నాడు కదిలేది. 'కైండ్లీ' అన్నాక తిట్టు తప్పదు. 'కన్సిడర్ చేస్తాం' అనిపించుకున్నవాడి పని అయినట్టు నేను చూడలేదు. సాయంత్రం దుకాణంలో ఇవన్నీ అప్పజెబితే మామ బట్ట నాణ్యం చూసినట్టు ఒక్కో మాటనూ చూసి తలూపేవాడు.

ఆ దఫ్తర్లోనే గుమాస్తా పని ఖాళీ పడితే ఇంటర్వ్యూకి వెళ్ళాను. దొర మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన తెలుగాయన. ఇమీడియట్ అంటే ఏమిటని అడిగాడు. భోజనాల తర్వాత అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, "ఇది నీకెవరు చెప్పారు?" అన్నాడు. మీ వరండాలోనే నేర్చుకున్నానండీ అని వినయంగా చెప్పాను. ఆయన గుమాస్తాల వైపు చూసి, చివరికి నన్ను కన్సిడర్ చేస్తామన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. మామకు కూడా అర్థమైంది. ఆ రాత్రే పిల్లకు మన్నాఏఖేళ్ళి వాళ్ళ సంబంధం మాటెత్తాడు.

తీరా చూస్తే ఆర్డరు వచ్చింది! ఇమీడియట్‌గా వచ్చి చేరమని ఉంది. ఆ మాట మాకు బాగా తెలిసిందే కదా, తొందరేముందన్నాడు మామ. అమావాస్య పోనిచ్చి మంచి బేస్తవారం చూసి ముహూర్తం పెట్టాడు; దుకాణంలోని మేలైన గుడ్డతో నాకు కోటు కుట్టించాడు. ఆ కోటు తొడుక్కుని, బొట్టు పెట్టుకుని వెళ్ళేసరికి నా కుర్చీలో ఇంకెవరో కూర్చుని దీక్షగా రాసుకుంటున్నాడు. నా జవాబు విన్న నాటినుంచి దొర ఆ మాటకు 'వెంటనే' అన్న అసలు అర్థాన్నే అమలు చేయిస్తున్నాడట; నేను రాకపోయేసరికి నా చోటు ఇంకొకడికి ఇచ్చేశాడు. దఫ్తరు మొత్తానికి పాఠం చెప్పి, చెప్పినవాణ్ణి నేనే తప్పాను.

ఇంటికొచ్చి చెబితే మామ మీసం సవరించుకుని, పిల్ల సంగతి కన్సిడర్ చేస్తానన్నాడు. ఇంగ్లీషు రాని మామ ఆ ఒక్క మాటా అంత చక్కగా వాడేసరికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పుడు తలుపు చాటునుంచి మరదలు ఇవతలికొచ్చి, "నాయినా, ముహూర్తం పెట్టింది నువ్వే గదా" అంది. మామ మళ్ళీ పంచాంగం తీశాడు, ఈసారి పెండ్లి ముహూర్తానికి. ఆ కోటు పెండ్లికి పనికొచ్చింది, నేను దుకాణానికి పనికొచ్చాను.

ఇప్పటికీ వంటింట్లోంచి "ఇమీడియట్‌గ రా, బువ్వ సల్లారుతాంది" అని కేక వినబడితే చేతికర్ర వెతుక్కోవడం కూడా మరచి లేస్తాను. కొత్త కోటులో అంత నెమ్మదిగా నడిచివెళ్ళిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడు ఆ వేళ పరుగెత్తి వెళ్ళి ఉంటే పింఛను వచ్చేది, భోజనాల తర్వాత.