నాన్న వాటా

మా అమ్మాయి తుఫాను షెల్టరులో డాన్సు చేస్తానన్నప్పుడే నేను వద్దన్నాను. నా మాట మా ఇంట్లో ఎవరు విన్నారు గనక! మా ఆయన మస్కట్ నుంచి ఫోనులో "చెయ్యనీ, సరదా పడుతోంది" అనేశాడు. మా అమ్మకైతే మనవరాలు ఏం చేసినా ముద్దే. ఊరికి సమాధానం చెప్పుకోవలసింది మాత్రం నేను, కుట్టుమిషను ముందు కూర్చుని, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ.

అసలు అదేం డాన్సో నాకే తెలియదు. హైదరాబాదులో చదువు అయ్యాక పిల్ల ఇది పట్టుకుంది. పాట ఉండదట. ముందే నేర్చుకున్న అడుగులూ ఉండవట. చూసేవాళ్ళు ఒక మాట అందిస్తే, దాని మీద తన స్నేహితురాలు అప్పటికప్పుడు తోచింది మైకులో చెబుతుందట, ఈ పిల్ల తోచినట్టు ఆడుతుందట. "తోచినట్టు ఆడటానికి అంత దూరం వెళ్ళి నేర్చుకోవాలా?" అన్నాను. నవ్వింది.

మాది అల్లవరానికి దిగువన సముద్రం ఒడ్డు ఊరు. నలుగురూ కూర్చునే హాలంటే తుఫాను షెల్టరొక్కటే. ఆ సాయంత్రం ఊరు ఊరంతా వచ్చింది. డాన్సన్న మాట విని రికార్డింగ్ డాన్సనుకున్న మగాళ్ళు ముందు వరుస కుర్చీలు ఆక్రమించారు. ఆడవాళ్ళం చాపల మీద కూర్చున్నాం. మా అమ్మ మంచి చీర కట్టుకుని, చేతినిండా గాజులతో, నుదుట కాసంత బొట్టుతో గోడకి ఆనుకుంది.

ఆ బొట్టు సంగతి చెప్పాలి. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా నాన్న సముద్రం మీద చేపల వేటకి వెళ్ళాడు. గాలి మారి పడవ తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ ఒడ్డుకి చేరారు, నాన్న చేరలేదు. శవమూ దొరకలేదు. పెద్దలు వచ్చి మా తమ్ముడి చేత కర్మ చేయించెయ్యమన్నారు. "నా కళ్ళతో నేను సూళ్ళేదు కదండీ" అంది అమ్మ. ఏడవలేదు, గాజులు తియ్యలేదు. అప్పట్నుంచీ రోజూ రాత్రి కుండ అడుగున ఒక మనిషికి సరిపడా అన్నం ఉంచుతుంది. అది నాన్న వాటా. తెల్లారాక తనే దాన్ని చద్దన్నంగా తింటుంది. ఆ అన్నం గురించి మేం పోట్లాడుకోని నెల లేదు. "ఆయన ఇంక రాడమ్మా, గుండె రాయి చేసుకో" అని నేను, "నీకేం తెల్సే" అని ఆవిడ. పెళ్ళిళ్ళలో ఆవిడ తాంబూలం అందుకుంటుంటే పక్కవాళ్ళు చూసే చూపులకి నాకు ఒళ్ళు మండేది, వాళ్ళ మీదా, ఆవిడ మీదా కూడా. మా ఇంట్లో బుర్ర ఉన్నదాన్ని నేనొక్కదాన్నేనని నా గట్టి నమ్మకం.

డాన్సు మొదలైంది. మా పిల్ల హాలు మధ్య ఊరికే నిలబడి ఉంది.

"ఏవండీ, పాట రావట్లేదండీ, బాక్సులు పోయేయేమో సూడండి" అని ముందు వరుసలోంచి ఒకాయన కేకేశాడు.

"పాట ఉండదండీ. మీరే ఒక మాట చెప్పండి" అంది స్నేహితురాలు.

"ఆయ్! అయితే రొయ్యండి!"

హాలంతా గొల్లుమంది. మా పిల్ల నిజంగానే నడుం వంచి, వెనక్కి వెనక్కి గెంతుతూ హాలు చుట్టూ తిరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. కొంగు మొహాన కప్పుకున్నాను.

అప్పుడు చాపల వైపు నుంచి ఒక ముసలమ్మ మెల్లిగా "నీళ్ళు" అంది.

నవ్వులు ఇంకా సాగుతూనే ఉన్నాయి గాని మా పిల్ల ఆగిపోయింది. తరవాత జడ విప్పేసుకుంది. నేల మీద కూలబడి అరచేతులతో నేలని కొట్టడం మొదలెట్టింది. స్నేహితురాలు మైకులో ఒకటే మాట: "రాలేదు. ఇంకా రాలేదు. ఇంకా రాలేదు."

ఇది మా ఇంటి సంగతి! వాళ్ళ తాత సంగతి ఆ పిల్లకి చెప్పింది నేనే, ఆ పిల్ల స్నేహితురాలికి చెప్పినట్టుంది. నలుగురి ముందూ ఆడి చూపించడానికా చెప్పాను? జుట్టు పట్టుకుని ఇంటికి ఈడ్చుకుపోదామని లేచాను.

నాకంటే ముందు అమ్మ లేచింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. జుట్టు విరబోసుకుని ఏడుస్తున్న ఆడదాన్ని ఒంటరిగా వదలకూడదు. తెలిసినదైనా కాకపోయినా వెళ్ళి మెడ చుట్టూ చేతులు వేసి, మనమూ శోకం అందుకోవాలి. అది డాన్సని అమ్మకి తెలుసు. అయినా కాళ్ళు ఆగలేదు కాబోలు. గబగబా వెళ్ళి మనవరాలి పక్కన కూలబడి మెడ పట్టుకుంది. గొంతెత్తింది.

"నీ తుండుగుడ్డయినా ఒడ్డుకి రాలేదే నా దొరా... ఉప్పునీళ్ళల్లో నిన్నొదిలేసి పొయ్యి మీద అన్నం వండుకు తిన్నానే... సచ్చిపోయేవు కదయ్యా... సచ్చిపోయేనని సెప్పడానికైనా ఓసారి రాలేకపోయేవా నా దొరా..."

నాన్న చచ్చిపోయాడన్న మాట అమ్మ నోట నేను ఎన్నడూ వినలేదు. మా అమ్మాయి ఉలిక్కిపడి, ఏం చెయ్యమంటావన్నట్టు నా వైపు చూసింది. పిల్ల అమ్మమ్మ మెడ గట్టిగా పట్టుకుని ఊగుతూ నిజంగా ఏడ్చేసింది. చాపల మీది ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి వాళ్ళిద్దరినీ చుట్టుకున్నారు. ముందు వరుస మగాళ్ళు, రొయ్య అన్నాయనతో సహా, గుమ్మం బయటికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డారు, చావింటికి వచ్చినప్పుడు నిలబడ్డట్టే. అందరూ నేల మీద ఉంటే నేనొక్కదాన్నే నిలువుగా మిగిలాను.

శోకం దానంతటదే సద్దుమణిగింది. చప్పట్లు లేవు. వెళ్ళొస్తామని ఎవరూ అనలేదు, చావింటి దగ్గర ఆ మాట అనరు. షెల్టరు బయట కుళాయి దగ్గర వరసగా కాళ్ళు కడుక్కుని ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. పాపం ఆ స్నేహితురాలు మైకు పట్టుకుని, "వాళ్ళకి నచ్చలేదా ఆంటీ?" అని అడిగింది.

ఇంటికొచ్చాక అమ్మ గుమ్మం ఎక్కకుండా దొడ్లోకి వెళ్ళి నెత్తి మీంచి నీళ్ళు పోసుకుంది. చీర మార్చుకుని వచ్చి మాకు అన్నాలు పెట్టింది. మొహంలో అలసట తప్ప ఏమీ లేదు. నుదుట బొట్టు లేదు.

"మీ తమ్ముడికి ఫోను సెయ్యవే. మీ నాన్నకి సెయ్యాల్సినవి సేసేద్దాం" అంది.

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు పోరానో మా ఇంటి గోడలకి తెలుసు. తీరా అది వచ్చాక, అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

అమ్మ గరిటె కుండ అడుగుదాకా పోనిచ్చి, గీరి, ఉన్నదంతా నా పళ్ళెంలో వెయ్యబోయింది.

నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"అదేంటమ్మా," అన్నాను, "నాన్నకో?"