కళ్ళు మూసుకోమన్న మా అవ్వ

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతిని మా బంధువులు ఇప్పటికీ పెళ్ళి భోజనాల దగ్గర నవ్వుకుంటూ చెప్పుకుంటారు. "గా పొద్దు దీన్ని ఎట్ల బేకూఫ్ జేసినం!" అని ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళు తలా ఒక ముక్క కలుపుతారు. వాళ్ళు కలిపేదంతా అబద్ధమని అనను. కానీ వరుస తప్పుతుంది, కొన్ని సంగతులు జారిపోతాయి. ఏ రోజు సంగతి ఆ రోజు రాసిపెట్టుకునే అలవాటు నాకు ఆ ఏడాదే మొదలైంది. అందువల్ల వాళ్ళు నవ్వే చోట నాకు నవ్వు రాదు. ముందుది ముందు, వెనుకది వెనుక, జరిగింది జరిగినట్టు చెబుతాను.

తొంభైల మొదటి సంవత్సరాలు. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు వెళ్ళే దారిలో మా ఇల్లు. చుట్టూ ద్రాక్ష తోటలు. సాయంత్రం తోటల్లో మోటార్లు వేశారంటే మా బల్బులో తీగ మాత్రం ఎర్రగా కనిపించేది, అక్షరాలు కనిపించేవి కావు. ఆ వెలుతురులోనే పుస్తకం ముఖానికి ఆనించుకుని చదివేదాన్ని. ఆరో తరగతి పరీక్షలు దగ్గరపడేసరికి కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర, నీళ్ళు కారడం, నుదురు లాగడం. మా బాపు డాక్టరుకు చూపించాడు. చూపులో లోపం లేదు, కళ్ళు అలసిపోయాయి, విశ్రాంతి ఇవ్వండి అని ఆయన పంపేశాడు. ఆ విశ్రాంతి ఎలా ఇవ్వాలో నేర్పే పని మా అవ్వ తీసుకుంది. అవ్వ అంటే బాపు తల్లి.

"సూపు గూడ గొడ్డు లెక్కనే బిడ్డా. ఒక్క గుంజకే కట్టేస్తె కాళ్ళు పట్టుకపోతయి. జరసేపు బయటికి ఇడువాలె" అనేది. పొద్దున లేవగానే నోటినిండా నీళ్ళు పుక్కిలి పట్టించి, మూసిన రెప్పల మీద దోసిలితో చల్లటి నీళ్ళు చల్లించేది. చదివేటప్పుడు నేను రెప్పలు కొట్టడం మరిచిపోతున్నానని కనిపెట్టి, ఎదురుగా కూర్చుని బియ్యం చెరుగుతూ "కొట్టు, కొట్టు" అని గుర్తుచేసేది. సాయంత్రం డాబా ఎక్కించి, ముందు నా బొటనవేలి గోరును, ఆ తరువాత దూరాన చెరువు కట్టను చూడమనేది. మళ్ళీ గోరు, మళ్ళీ కట్ట. అన్నీ అయ్యాక అరచేతులు వేడెక్కేదాకా రుద్ది, కళ్ళను నొక్కకుండా, గిన్నె బోర్లించినట్టు వాటి మీద కప్పుకుని కూర్చోవాలి. అవ్వ "ఇగ తియ్" అనేదాకా తీయకూడదు.

మంట తగ్గింది. తలనొప్పి పోయింది. మా ఇంట్లో నా బాధను బాధగా చూసినది అవ్వ ఒక్కతే అని నేను నమ్మాను. అవ్వ మూసుకోమంటే మూసుకునేదాన్ని, ఎందుకని అడిగేదాన్ని కాదు.

మా చెల్లెకు అప్పుడు నాలుగేళ్ళు. అది పుట్టిన తరువాత అమ్మ చాలాకాలం మంచం పట్టింది. చెల్లెను చంకనేసుకుని తిప్పింది, బువ్వ కలిపి పెట్టింది, పక్కలో పడుకోబెట్టుకుంది నేను. నేను అరచేతులు కప్పుకుని కూర్చుంటే ఒళ్ళోకి ఎక్కి, నా చేతుల మీద తన చేతులు పెట్టి, అవ్వ కంటే ముందే "తియ్!" అని అరిచేది.

కొంపల్లిలో కొత్తగా ఇల్లు కట్టుకున్న మా చిన్నాయనకు పిల్లలు లేరు. అన్న బిడ్డను తమ్ముడు పెంచుకోవడం మా వైపు కొత్త కాదు. పెద్దలు కూర్చుని మాట అనుకుంటారు, మంచిరోజు చూసి పిల్లను పంపుతారు. ఆ మాట మా ఇంట్లో ఎప్పుడు అనుకున్నారో నాకు తెలియదు. నేను తప్ప అందరికీ తెలుసు.

పరీక్షలు అయిపోయిన మరునాడు. చిన్నాయన, చిన్నమ్మ ముందురోజే స్కూటరు మీద వచ్చి ఉన్నారు. పొద్దున్నే అమ్మ చెల్లె కాళ్ళ పట్టీలు విప్పుతోంది. ఎందుకని అడిగాను. "నల్లగైనయి, తోముదామని" అంది నా ముఖం చూడకుండా. కొత్త గౌను కూడా తొడిగింది. చుట్టాలు వచ్చారు కదా అనుకున్నాను. అంతలో అవ్వ పిలిచి నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది.

"పరీచ్చలల్ల కండ్లు మస్తు అలిసినయి. ఇయ్యాల జర ఎక్కువసేపు కూసో."

అరచేతులు రుద్దుకుని కప్పుకున్నాను. అవ్వ నా వీపు మీద చేయి వేసి నిమురుతోంది. చెప్పుల చప్పుడు, గాజుల చప్పుడు వినిపించాయి. ఒళ్ళోకి ఎవరూ ఎక్కలేదే అని తోచింది.

"చెల్లె ఏదవ్వా?"

"మీ అమ్మ తల దువ్వుతాంది. నువ్వు కదలకు, చేతుల ఏడి పోతది."

కదలలేదు. చాలాసేపటికి, దూరంగా రోడ్డు మీద ఎక్కడో స్కూటరు స్టార్టయిన చప్పుడు. అది సన్నగిల్లి పూర్తిగా పోయిన తరువాత, "ఇగ తియ్ బిడ్డా" అంది అవ్వ.

తీశాను. అంత స్పష్టంగా మా వాకిలిని నేను ఎన్నడూ చూడలేదు. ప్రహరీ మీద ప్రతి పగులూ కనిపించింది. గేటు దగ్గర అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. స్కూటరు లేదు. చెల్లె చిన్న చెప్పులు లేవు. రోడ్డు దాకా పరుగెత్తాను. దుమ్ము కూడా లేదు.

తిరిగి వచ్చి అవ్వ ముందు నిలబడ్డాను. "కండ్లు మూసుకొమ్మన్నది గిందుకేనా?"

"నీ కండ్ల ముంగట తీస్కపోతే నువ్వు ఇడుస్తవా?"

"ఇడువ."

"గందుకే" అంది అవ్వ. తరువాత, "ఏడువకే, కండ్లు మళ్ల మండుతయి" అని నా ముఖం తుడవబోయింది. చేయి తోసేశాను.

తరువాత ఒక్కొక్కటిగా తెలిసింది. నాకు వినబడకూడదని చిన్నాయన స్కూటరును రోడ్డు దాకా తోసుకుంటూ వెళ్ళాడు. మోగకూడదని పట్టీలు విప్పారు. నా కళ్ళ పని మాత్రం అవ్వకు అప్పగించారు.

ఇందుకు మావాళ్ళు చెప్పే సమర్థనలు ఉన్నాయి. చెల్లె అక్కడ సుఖంగా పెరిగింది, బాగా చదువుకుంది అంటారు. నిజం. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఏ గొడవా లేకుండా పిల్ల వెళ్ళిపోయింది కదా అంటారు. గొడవ చేసే హక్కు ఉన్నదాన్ని గోడకు ఆనించి కూర్చోబెడితే గొడవ ఎక్కడి నుంచి వస్తుంది? "చిన్నపిల్లవు, నీకు జెప్పేదేముంటది?" అంటారు. చెల్లెను మోయడానికి నేను చిన్నదాన్ని కాను. చెప్పవలసి వచ్చేసరికి చిన్నదాన్నయ్యాను.

వాళ్ళు తమ కథలో ఎన్నడూ చెప్పని సంగతి ఇది. ఆ ఏడు బోనాలకు చెల్లెను తీసుకువచ్చారు. నేను చేతులు చాచాను. అది చిన్నమ్మ చీర కుచ్చిళ్ళ వెనక్కి వెళ్ళింది.

"రావే, ఎత్తుకుంట."

"రాను."

"ఎందుకే?"

"నేను టాటా జెప్పిన. నువ్వు సూడనే లేదు."

అక్క ఆట ఆడుతోంది, చప్పుడు చేయకూడదు అని ఆ రోజు దానికి చెప్పారట. అది నోరు మూసుకుని, నా ఎదురుగా నిలబడి చేయి ఊపింది. నేను చేతులు తీయలేదు. నన్ను మోసం చేసినవాళ్ళు అనేకులు. చెల్లె లెక్కలో మోసం చేసినది నేనొక్కదాన్ని.

అవ్వ ఆ మాట విన్నది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తరువాత బతికినన్నాళ్ళూ నన్ను ఒక్కసారి కూడా కళ్ళు మూసుకోమనలేదు.

రెండువేల సంవత్సరం దాటాక కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగంలో చేరాను. మధ్యాహ్నానికి కళ్ళు మండుతున్నాయని తోటివాళ్ళు అంటే అవ్వ నేర్పినవన్నీ నేర్పాను. తల ఎత్తి కిటికీలోంచి దూరం చూడండి, రెప్పలు కొట్టండి, చల్లటి నీళ్ళు చల్లుకోండి, అరచేతులు కప్పుకోండి. అందరికీ హాయి అనిపించింది. వైద్యం మంచిది. దాన్ని వాడుకున్న తీరును మాత్రం నేను క్షమించలేదు. అరచేతులు కప్పుకోవడం నేనూ మానలేదు. అయితే ఒంటరిగా, గది తలుపు గడియ వేసుకున్న తరువాతే.

ఉద్యోగ శిక్షణ కోసం నేను ఊరు వెళ్ళవలసి వచ్చినప్పుడు మా అబ్బాయికి నాలుగేళ్ళు. "నిద్ర పట్టినంక పో, లేకుంటే పరేషాన్ జేస్తడు" అని పక్కింటి అక్క సలహా ఇచ్చింది. వాణ్ణి లేపి, ముఖం కడిగి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, వెళ్తున్నానని చెప్పాను. ఆటో కమ్మీ పట్టుకుని వీధంతా వినిపించేలా ఏడ్చాడు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయవలసి వచ్చింది. ఎంత రాతిగుండె అని చూసినవాళ్ళు అన్నారు. అననిచ్చాను. ఆటో మలుపు తిరిగేదాకా వాడు నన్ను చూస్తూ ఏడ్చాడు, నేను వాణ్ణి చూస్తూ కూర్చున్నాను.