టీకాలాయన తరఫున నేను రాసిన జవాబు

1978 జూన్‌లో నన్ను చిత్తూరులో మా ఆరోగ్య శాఖ ఆఫీసు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కు మార్చారు. ఆ సెక్షన్‌లో మందులూ రోగులూ కనిపించరు. ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు, బదిలీలు, సెలవులు, పింఛన్లు చూడడమే అక్కడి పని. నేను సీనియర్ అసిస్టెంటును. నా పైన సూపరింటెండెంటు, ఆయన పైన అధికారి. ఏ విషయమైనా ముందు నా స్థాయి గుమాస్తా నోట్ ఫైలులో రాసి పైకి పంపాలి. పైవాళ్లకు తీరిక తక్కువ కాబట్టి చాలాసార్లు కింద రాసిందే చివరిదాకా నిలిచేది.

నా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ఆగిపోయింది. ఆ తరువాత చదివిందంతా గ్రంథాలయంలోనే. ఆఫీసు వదలగానే సైకిలు అటు తిరిగేది. చరిత్ర, చట్టం, వైద్యం, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. మశూచి ఏ దేశంలో ఎట్లా పోయిందో మా ఆఫీసులో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ మశూచి పోవడంతోనే నా పని మొదలైంది. ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేసే ఉద్యోగులను మా లెక్కల్లో టీకాదారులు అనేవాళ్లం. జనానికి వాళ్లు టీకాలాయనలు. జబ్బే లేకుండా పోయాక ఆ పోస్టులు రద్దు చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఎస్.ఎస్.ఎల్.సి. చదివినవాళ్లకు శిక్షణ ఇచ్చి, అన్ని జబ్బుల పనీ చూసే ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకోవాలి. మిగిలినవాళ్లను ‘మిగులు సిబ్బంది’గా చూపి, శాఖలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ప్రత్యామ్నాయ పోస్టు చూడాలి. అదీ కుదరకపోతే మూడు నెలల నోటీసు ఇచ్చి, రావలసిన పింఛనుతో పంపేయాలి. ఆ ఉత్తర్వు సారాంశం ఒక పేజీలో మాకు అందింది. దాన్ని బట్టి నేను పట్టిక తయారు చేశాను. పేరు, చదువు, సర్వీసు, చివర ‘తగిన ప్రత్యామ్నాయ పోస్టు’ అనే గడి.

ఆ పట్టికలో మునిరత్నం ఒకడు. నగరి దారిలో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇరవై నాలుగేళ్లుగా టీకాదారు. చదువు ఐదో తరగతి. రిటైరు కావడానికి ఇంకా ఆరేళ్లుంది. నేను అంతకు ముందు రెండు మూడు సార్లు ఆయన్ని చూశాను. ఖాకీ చొక్కా, సైకిలు వెనక టీకాల పెట్టె. సర్పంచులు కూడా లేచి కుర్చీ వేసేవారు.

అదే కేంద్రంలో ఒక అటెండరు పోస్టు ఖాళీగా ఉంది. అటెండరంటే పొద్దున గదులు తెరవాలి, ఊడ్పించాలి, రోగులకు చీటీలు రాసివ్వాలి, డాక్టరు పిలిస్తే పలకాలి. టీకాదారు కంటే ఒక మెట్టు కింద. చీటీలు రాసే పని ఉంది కాబట్టి ఎనిమిదో తరగతి చదివి ఉండాలి. మునిరత్నం పేరు దగ్గర నేను కొంతసేపు ఆగాను. సర్పంచులు కుర్చీ వేసిన మనిషిని గదులు తెరవమని చెప్పడం అవమానం అనిపించింది. చదువు ఎట్లాగూ చాలదు. పింఛను తీసుకుని మర్యాదగా ఇంటికి వెళ్లడమే ఆయనకు మేలని అనుకుని, గడిలో ‘లేదు’ అని రాశాను. ఇంకో ముగ్గురికీ అట్లాగే రాశాను. మేలు చేశాననే అనుకున్నాను.

నోటీసు అందిన నాలుగో రోజున మునిరత్నం ఆఫీసుకు వచ్చాడు. నా బల్ల ముందు నిలబడి, మడతపెట్టిన కాగితం తెరిచాడు.

“నాకు తగిన పని లేదని రాసినారంట. మా ఆసుపత్రిలో అటెండరు జాగా ఖాళీగా ఉండాది గదా సార్?”

“ఉందన్నా. కానీ అది నీకు తగింది కాదు. ఇన్నేళ్లు చేసిన ఉద్యోగానికి అది తక్కువ.”

“తక్కువని నేను సెప్పినానా? నన్ను ఎవురైనా అడిగినారా?”

నేను పింఛను సంగతి చెప్పబోయాను. ఆయన విన్నాడు గానీ ఒప్పుకోలేదు. ఊరక ఇంట్లో కూర్చోవడానికి ఒళ్లింకా గట్టిగానే ఉందన్నాడు. తరువాత కొంచెం నవ్వాడు.

“ఇరవై నాలుగేండ్లు పిల్లోళ్లు నన్ను సూసి పారిపోయినారు సార్. గాదెల్లో దాంకున్నారు, చెట్లెక్కినారు. ఈ ఆరేండ్లన్నా చీటీ కోసం వాళ్లే నా దగ్గరికి రానీండి.” నవ్వు ఆపి, గొంతు తగ్గించి అన్నాడు. “నేను వద్దంటే అది నా మాట. నా మాట మీరు రాసేస్తే ఎట్లప్పా?”

ఆ సాయంత్రం గ్రంథాలయంలో రోజూ చదివే పుస్తకాల వైపు వెళ్లలేదు. ప్రభుత్వ రాజపత్రాలు నెలనెలా కుట్టి పెట్టిన బీరువా తెరిపించాను. ఆఫీసులో ఉన్నది సారాంశమే. ఇక్కడ పూర్తి ఉత్తర్వు ఉంది. దాని ఆరో పేరా నేను అంతవరకు చూడనిది. మిగులు ఉద్యోగికి సమానమైన పోస్టు లేకపోతే కింది పోస్టునైనా ఉన్న జీతం తగ్గకుండా రాతపూర్వకంగా ఇవ్వజూపాలి. ఒప్పుకోవడానికో కాదనడానికో పదిహేను రోజుల గడువివ్వాలి. అతను కాదన్నాకే బయటివాళ్లతో భర్తీ చేయాలి. చదువు చాలకపోతే, పదేళ్లపాటు లెక్కలు రాసిన అనుభవానికి రుజువుంటే సడలించవచ్చు. ఇన్నేళ్లుగా ఆ గదిలో ఏమేమో చదివాను. నా చేతిలో ఉన్న పనికి సంబంధించిన కాగితం మాత్రం చదవలేదు.

అటెండరు పోస్టుకు ఉపాధి కార్యాలయం నుంచి అప్పటికే పేర్లు వచ్చాయి. మరుసటి వారం ఇంటర్వ్యూలు. పొద్దున్నే నోట్ రాశాను. ఆరో పేరా నకలు పెట్టి, పట్టికలో ‘లేదు’ అని రాసింది నా పొరపాటని కూడా చేర్చాను. సూపరింటెండెంటు చదివి కళ్లజోడు తీసేశాడు.

“ఏమప్పా, నీ తప్పు నువ్వే రాసి సంతకం పెట్టినావే. గ్రంథాలయంలో ఇదేనా నేర్పించేది?”

“ఆరో పేరా అక్కడే దొరికింది సార్.”

“దొరికిందిలే. అనుభవానికి రుజువు యాడిది? ఆ మునిరత్నం రిజిస్టర్లన్నీ బడి అయ్యవారి చేతిరాత. అందరికీ తెలిసిన సంగతే.”

అది నిజమే. మా రిజిస్టర్ల గడులు ఇంగ్లీషులో ఉండేవి. మునిరత్నం లెక్క చెబితే, ఊళ్లో అయ్యవారు నింపేవాడు. అధికారి నా నోట్ చదివి ఇంటర్వ్యూలు ఆపించారు. అయితే మనిషి తనే రాసినట్టు రుజువు కావాలి, వారంలో చూపించమన్నారు. ఇప్పుడు కూర్చోబెట్టి రాయిస్తే రాత వచ్చునని తేలుతుంది గానీ, పదేళ్ల అనుభవం తేలదు.

ఈ మాట చెబితే మునిరత్నం కంగారు పడలేదు. “పుస్తకాల్లో అయ్యవారు రాసినాడు. గోడల మీద నేనే రాసినా. పోయి సూడండి” అన్నాడు.

టీకాదారు ఒక ఇంట్లో పని ముగించాక తలుపు పక్కన గోడ మీద గేరుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, తేదీ, మొదటిసారి టీకా ఎందరికి, మళ్లీ ఎందరికి అని రాయాలి. తనిఖీకి వచ్చినవాళ్లకు అదే గుర్తు. నేను ఒకరోజు సెలవు పెట్టి, పాత రిజిస్టర్ల నుంచి కొన్ని ఇళ్ల లెక్కలు రాసుకుని బస్సెక్కాను. ఏటా సున్నం కొట్టే గోడల మీద పాత రాతలు ఎక్కడుంటాయని దారంతా సందేహమే.

మొదటి ఇంట్లోనే సందేహం తీరింది. గోడంతా తెల్లగా ఉంది. తలుపు పక్కన మాత్రం జానెడు మేర సున్నం తగలని చోటు. అందులో ఒకదాని కింద ఒకటి ఎర్రటి అంకెలు. అరుగు మీద కూర్చున్న అవ్వ నన్ను అనుమానంగా చూసింది.

“ఏం నాయనా, మళ్లా సూదులా?”

“లేదవ్వా. ఈ రాత చూసుకుని పోదామని. దీని మీద సున్నం ఎందుకు వేయలేదు?”

“టీకాలాయన రాత గదా. అదుంటే అమ్మోరు గడప తొక్కదు. సున్నం కొట్టేటోళ్లకు ముందే సెప్తాము.” కొంచెం ఆగి అంది, “ఆయన్ను సూసి మావోడు ఎనుములకొట్టంలో దూరినాడు. ఇప్పుడు వాడికే ఇద్దరు బిడ్డలు.”

మూడు ఊళ్లు తిరిగి ఇరవై ఇళ్ల రాతలు నకలు చేశాను. ‘ఏడు’ను కొక్కెంలా వంచి రాసే ఒకే చేతిరాత, పద్నాలుగేళ్ల పొడవునా. తేదీలు, సంఖ్యలు రిజిస్టర్లతో సరిపోయాయి. ఒక్క ఇంట మాత్రం తేడా వచ్చింది. ఆరా తీస్తే గోడ రాతే సరి, రిజిస్టరే తప్పు. ఆ రాతలు మునిరత్నం చేతివేనని నకళ్ల మీద రెండు ఊళ్ల మునసబులు సంతకాలు చేశారు. అధికారి చూసి, చదువు సడలింపుకు ఒప్పుకున్నారు.

మునిరత్నానికి మెమో వెళ్లింది. అందులో పోస్టు వివరం, జీతం తగ్గదన్న హామీ, పదిహేను రోజుల గడువు ఉన్నాయి. ఇక నేను రోజూ తపాలా చూడడం మొదలుపెట్టాను. వారం గడిచింది. పది రోజులు గడిచాయి. జవాబు లేదు. గడువు దాటితే కాదన్నట్టే లెక్క, ఇంటర్వ్యూలు మళ్లీ మొదలవుతాయి. సూపరింటెండెంటు నా బల్ల దాటుతూ, “నీ టీకాలాయన పలకడేం?” అని రోజూ ఒకసారి అడిగేవాడు.

పదిహేనో రోజు పొద్దున మునిరత్నమే వచ్చి కాగితం ఇచ్చాడు. సమ్మతమని రెండు వరుసలు. తేదీలో అదే కొక్కెం ఏడు.

ఇంత ఆలస్యం ఎందుకు చేశావని కొంచెం కోపంగానే అడిగాను.

“పదైదు దినాలు ఇచ్చినారు గదా సార్. ఇరవై నాలుగేండ్లలో నన్ను ఆలోచించుకోమనింది ఇదే మొదలు. అంతా వాడుకున్నా.”

నేను ‘లేదు’ అని రాసిన తక్కిన ముగ్గురికీ వేరే కేంద్రాల్లో ఖాళీగా ఉన్న కింది పోస్టులు చూపి అప్పుడే మెమోలు పంపాము. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన, కింది పోస్టు తనకు వద్దని రాసి, పింఛను తీసుకున్నాడు. నేను మొదట పట్టికలో వేసిందీ ఆ జవాబే. కానీ ఈసారి కింద ఆయన సంతకం ఉంది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా మిగులు సిబ్బంది పట్టికలు చాలా తయారు చేశాను. ఉద్యోగి చేత్తో రాసిన జవాబు జతపడకుండా ఆ చివరి గడి నింపలేదు. ఆ పోస్టు తగినదో కాదో చెప్పవలసింది అతను. అడగవలసింది నేను.