ఏడున్నర చారలు

క్షమాపణ పత్రం అప్పటికే టైపు చేసి ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. 'స్ప్రింగు చుట్లు లెక్క తప్పాను, నా వల్లే తలుపు పడింది' అని ఆమె ఎన్నడూ అనని మాటలు అందులో చక్కగా వరుసలు తీరి ఉన్నాయి.

"పెట్టమ్మా సంతకం. రేపటి నుంచి హాయిగా ఫోను దగ్గర కూర్చుందువుగాని. ఏసీ కూడా ఉంది," అన్నాడు సూపర్‌వైజరు. ఆ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టాలని ఆయన మూడేళ్ళుగా నానా తిప్పలూ పడుతున్నాడు. ఆడమనిషి నిచ్చెనెక్కి స్ప్రింగు బిగిస్తుంటే, కింద నిలబడ్డ ఆయనకు కాళ్ళు వణుకుతాయట.

షాపులో అందరూ ఆమెను స్ప్రింగక్క అంటారు. గ్యారేజీ తలుపు బరువు మోసేది మనిషి చెయ్యి కాదు, తలుపు పైన ఇనుప కడ్డీకి తొడిగిన స్ప్రింగు. దాన్ని రెండు ఊచలతో పావు చుట్టు, పావు చుట్టు చొప్పున బిగించాలి. చెయ్యి జారిందా, ఊచ వచ్చి మూతి పళ్ళు రాలగొడుతుంది. ఈ విద్య ఆమెకు నేర్పింది మామగారు. కొడుకు స్ప్రింగు చూస్తేనే ఆమడ దూరం పరుగెత్తి దర్జీ పనిలో స్థిరపడ్డాడు గనుక, ముసలాయన ఊచలు కోడలి చేతిలో పెట్టాడు. ఆయన కుడిచేతికి మూడు వేళ్ళే. కబుర్లలో పడి లెక్క మరిచి, అదనంగా బిగించిన రోజున తక్కిన రెండూ పోయాయి. అప్పటినుంచి బిగించే ముందు స్ప్రింగు పొడవునా సుద్దతో తిన్నగా గీత గీసేవాడు. బిగిస్తున్నకొద్దీ ఆ గీత మెలితిరిగి చారలవుతుంది. ఎన్ని చారలో అన్ని చుట్లు.

"మీ మామయ్యకు రెండు పోయాయి, నీకు పదీ పోవాలా?" అని అత్తగారు రోజూ పొద్దున్నే సాధిస్తుంది. సాధిస్తూనే కోడలి చొక్కా జేబులో సుద్దముక్క ఉందో లేదో తడిమి మరీ పంపుతుంది.

"తలుపు చూడకుండా పెట్టను," అంది స్ప్రింగక్క.

"చూసేదేముంది? పళ్ళ డాక్టరుగారు తన గ్యారేజీ తలుపు సగం లేపి వదిలారట. ధన్‌మని కొత్త కారు మీద పడి బానెట్టు సొట్టపోయింది."

"చూశాకే మాట్లాడదాం."

వెళ్ళారు. పళ్ళ డాక్టరు ముఖం మాడ్చుకుని వాకిట్లోనే ఉన్నాడు. తలుపు చూడగానే స్ప్రింగక్కకు ఒళ్ళు మండింది. నెల కిందట ఆమె బాగుచేసింది ఉత్తి రేకు తలుపు. ఇప్పుడు దాని మీద పైనుంచి కిందిదాకా పన్నెండు టేకు చెక్కలు, నున్నగా పాలిష్ పట్టినవి.

"ఇవెప్పుడు కొట్టించారు సార్?"

"మీరు వెళ్ళిన వారానికి. ముందు గుమ్మానికి జోడీగా ఉంటుందని. అలంకారానికీ తలుపు పడడానికీ ఏం సంబంధం?"

సూపర్‌వైజరు ఆమెను పక్కకు పిలిచాడు. "ఇంకో నాలుగు ఇళ్ళ పని ఇప్పించే మనిషి. వాదన వద్దు. లెక్క తప్పానని ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"నా పని పోతుంది. రేపటి నుంచి ఊళ్ళో ఏ తలుపు పడ్డా నా పేరే చెబుతారు."

గ్యారేజీ లోపల నిచ్చెన వేసింది. "మీరూ రండి సార్. రోజూ పళ్ళు లెక్కపెట్టే కళ్ళే కదా, ఇవీ లెక్కపెట్టండి."

డాక్టరు బిక్కుబిక్కుమంటూ నాలుగు మెట్లెక్కాడు. నల్లటి స్ప్రింగు మీద తెల్లటి చారలు. వేలు పెట్టి రెండుసార్లు లెక్కించాడు. రెండుసార్లూ ఏడున్నరే.

"రేకు తలుపుకు ఏడున్నర చుట్లే కావాలి. అంతే బిగించాను. ఈ చెక్కల బరువు ఆ లెక్కలో లేదు," అంటూ దిగి, స్క్రూడ్రైవరు పట్టుకుని బయటికి నడిచింది. "అయ్యో, పాలిష్!" అని డాక్టరు అనేసరికే మొదటి చెక్క ఊడింది. ఊడినవి అందుకుంటున్న సూపర్‌వైజరు మూడో చెక్క బరువుకే నడుం పట్టుకున్నాడు.

పన్నెండూ దిగాక ఆమె తలుపును నడుమెత్తు లేపి చెయ్యి వదిలేసింది. బరువూ స్ప్రింగూ సరిపోతే తలుపు వదిలిన చోటే ఆగాలి. ఆగింది. అంగుళం కదల్లేదు.

"సరే, ఆగింది," అన్నాడు సూపర్‌వైజరు, కాగితం మళ్ళీ తీస్తూ. "అయినా పెద్దమనిషి మర్యాద కోసమైనా ఒక్క సంతకం..."

స్ప్రింగక్క సంచిలోంచి అన్నం డబ్బా తీసింది. సరిగ్గా తలుపు కిందకు దూరి, దాని అంచు నెత్తికి జానెడు పైన ఉండగా, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లే, లే! పడితే?" అని అరిచాడు సూపర్‌వైజరు.

"లెక్క తప్పానన్నారుగా. తప్పితే పడుతుంది." తీరిగ్గా మూత తీసి ముద్ద కలుపుకుంది. "ఆ కాగితం తెచ్చివ్వండి, డబ్బా కింద వేసుకుంటాను. మీరూ కూర్చోండి, ఇద్దరికి చోటుంది."

సూపర్‌వైజరు కదల్లేదు. డాక్టరే ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, తను మాత్రం బయటే నిలబడి, చెయ్యి చాచి అందించాడు. స్ప్రింగక్క దాన్ని నాలుగు మడతలు పెట్టి డబ్బా కింద వేసుకుని, చివరి మెతుకు దాకా తింది.