సీట్లో మనిషి లేకుండా తీసిన కొలత

1972లో నేను తెనాలిలో ఒక ట్రాక్టర్ల వర్క్‌షాపులో సీనియర్ మెకానిక్‌గా ఉండేవాణ్ణి. నా పైన ఫోర్‌మన్, ఆయన పైన యజమాని. బాపట్ల, రేపల్లె వైపు బయటి పనులు నా వంతు. ఆ వానాకాలంలో రేపల్లె దగ్గర ఒక మిషన్ ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. మనిషి ఎక్కి కూర్చుని నడిపే గడ్డికోత యంత్రం ఒకటి వాళ్లకి విదేశం నుంచి విరాళంగా వచ్చింది. అది కుడివైపు బాగానే కోస్తోందట, ఎడమవైపు మాత్రం మట్టి కనబడేదాకా గీకేస్తోందట.

దాన్ని నడిపేది దేవదానం. యాభై దాటినవాడు, పన్నెండేళ్లుగా ఆ ఆసుపత్రి తోటపనిలో ఉన్నాడు. మేనేజరు గారు నన్ను పక్కకి పిలిచి, తప్పు యంత్రానిదో మనిషిదో కాగితం మీద రాసిమ్మన్నారు. మనిషిదైతే పనిలోంచి తీసేస్తారట. నేను తలూపాను గానీ, ఆ మాట నాకు నచ్చలేదు.

ఇలాంటి యంత్రానికి కింద బోర్లించిన మూకుడులా ఇనుప తొడుగు ఉంటుంది. దాన్ని డెక్ అంటాం. బ్లేళ్లు దాని లోపల తిరుగుతాయి. లెవెల్ చూడాలంటే ముందు ప్లగ్ వైరు పీకెయ్యాలి, లేకపోతే ఇంజను తిరిగిందంటే వేళ్లు పోతాయి. తర్వాత నాలుగు టైర్లలో గాలి సరిచేసి, చదునైన గచ్చు మీద నిలిపి, బ్లేడుని అడ్డంగా తిప్పి, రెండు కొసల నుంచీ నేలకి ఎత్తు కొలవాలి. తేడా ఉంటే డెక్‌ని మోసే లింకుల నట్లు తిప్పి సరిచేస్తాం. నేను కొలిచాను. రెండు పక్కలా సరిగ్గా రెండున్నర అంగుళాలు. తిప్పడానికేమీ లేదు.

నేనే ఎక్కి నాలుగు చాళ్లు కోశాను. గడ్డి దువ్వినట్టు వచ్చింది. దేవదానం ఎక్కితే ఎడమపక్క మళ్లీ మట్టి లేచింది. మళ్లీ కొలిచాను, అదే రెండున్నర. బ్లేళ్లు విప్పి, వంపు చూసి, తిరిగి బిగించాను. మళ్లీ నేను నడిపితే బాగుంది, అతను నడిపితే లేదు. మేనేజరు గారు వరండాలోంచి అంతా చూస్తున్నారు.

"చూశారుగా, ఇంకా ఏం కావాలండీ?" అన్నారు.

నాకూ అలాగే అనిపించింది. కానీ అతను స్టీరింగ్ తిన్నగానే పట్టుకుంటున్నాడు, వేగమూ నా అంతే. బ్లేడు ఎత్తుని నడిపేవాడు ఎలా మారుస్తాడు? ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. కాగితం రేపు ఇస్తానని చెప్పి తెనాలి బస్సెక్కాను. దారంతా అదే లెక్క, ఎటూ తేలలేదు.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఏం వెతకాలో తెలియక, దేవదానాన్ని సీట్లో కూర్చోమని, కింద పడుకుని స్కేలు పెట్టాను. కుడివైపు రెండున్నర దాటింది, ఎడమవైపు రెండే. తల తిప్పి చూస్తే ఎడమ వెనక టైరు నలిగినట్టు కుంగి ఉంది. పైకి చూస్తే అతను ఎడమ తొడ మీదే బరువంతా వేసి, కుడి తుంటి సీటుకి ఆనకుండా కూర్చున్నాడు.

"ఏంటి బాబాయ్, అలా కూర్చున్నావు?"

"కుడి తుంటి నొప్పండి. రెండేళ్లయింది."

"ఆసుపత్రిలోనే ఉన్నావు కదా, డాక్టరమ్మ గారికి చూపించలేదా?"

"చూపిస్తే ఇక బండెక్కనివ్వరండి. మీరు మటుకు చెప్పకండి బాబూ."

గోడలు మెత్తబడ్డ పాత టైరు, దాని మీద ఒక పక్కగా బరువు. సంగతి అదీ. కాగితంలో టైరు గురించి రాశాను, నడిపే మనిషి సీట్లో ఉండగా లెవెల్ చేశానని రాశాను. తుంటి గురించి రాయలేదు. అది దాచడమో, నాకు సంబంధం లేని విషయం వదిలెయ్యడమో అప్పుడు నాకు తెలియలేదు. ఎడమ లింకు అర అంగుళం ఎత్తి బిగించాను. అతను నడిపితే గడ్డి సమంగా తెగింది. బయల్దేరేముందు మాత్రం, నొప్పి ముదిరితే బండే కాదు, నడకా ఉండదని గట్టిగా చెప్పాను.

రెండు నెలలకి మళ్లీ కబురు. ఈసారి ఎడమపక్క గడ్డి ఎక్కువ మిగిలిపోతోందట. నట్టు జారిందేమోనని కంగారుగా వెళ్లాను. నట్టు బిగించినట్టే ఉంది. దేవదానం సీట్లో రెండు పక్కలా బరువు సమంగా వేసి, నిటారుగా కూర్చుని ఉన్నాడు. డాక్టరమ్మ గారికి తనే వెళ్లి చెప్పుకున్నాడట. ఆవిడ వైద్యం చేసి, వారంలో మూడు రోజులే బండి నడపమన్నారట. పనిలోంచి ఎవరూ తియ్యలేదు. నేను ఎడమ లింకుని మళ్లీ పాత చోటికి దించాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మనిషి ఎక్కి నడిపే ఏ యంత్రానికైనా రోజూ నడిపేవాణ్ణి సీట్లో కూర్చోబెట్టాకే లెవెల్ చూశాను. ఖాళీ సీటుతో తీసిన కొలత మీద ఎవరి గురించీ కాగితం రాయలేదు.