శభాష్ అంటే భయం

ఆ రోజుల్లో నాకు దెయ్యాలంటే భయం లేదు గాని, బడి హాజరు పట్టీ అంటే గుండె జారిపోయేది. నవ్వకండి. ఖాజాగూడ దగ్గర సర్కారు బడిలో నేను తాత్కాలిక పంతులుని (గోదావరి వైపు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు). పిల్లలు సరిపడా ఉంటే ఇద్దరు పంతుళ్లు, తగ్గితే ఒక్కరే. ఆ ఒక్కరూ పెద్దమేడమే గాని నేను కాదు. ఆ వార్డు బడిలో చెబుతున్నానని మున్సిపాలిటీ వాళ్లు చవక కిరాయికి ఇచ్చిన క్వార్టర్ గది కూడా ఉద్యోగంతోపాటే పోతుంది. బయట కిరాయిలన్నీ సాఫ్ట్‌వేర్ వాళ్ల జీతాలు చూసి పెట్టినవి. నా జీతం అడ్వాన్సుకే చాలదు.

పిల్లల లెక్క చూడ్డానికి ఆఫీసర్ వస్తాడన్న రోజు పొద్దున్నే పెద్దమేడం తల పట్టుకుని కూర్చుంది. "ఏంజేద్దాం సారూ! బిల్డింగు పని అయిపోయిందని కూలోళ్లంతా నిన్ననే వేరే సైటుకు పోయిండ్రు. పోరగాండ్లను గుడ తోల్కపోయిండ్రు. పదకొండు మందే మిగిలిండ్రు!"

క్వార్టర్స్‌కి పరుగెత్తాను. అక్కడి పిల్లలు చదివే కాన్వెంటుకి ఆ రోజు సెలవు (దేవుడు నా పక్షాన ఉన్నాడనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది). పక్కింటక్కను బతిమాలాను. "జర సేపే గదా, తీస్కపో తమ్మీ, ఫికర్ జెయ్యకు," అని క్వార్టర్స్ లైన్లోని పిల్లలందర్నీ పోగేసి ఇచ్చింది. బడి బీరువాలో ఉన్న యూనిఫాంలు తొడిగి, "నోరు విప్పారంటే నా గది పోతుందర్రా, మీకు పుణ్యముంటుంది," అని దండం పెట్టాను.

ఆఫీసర్ గడపలో కాలు పెట్టాడో లేదో, కాన్వెంటు పిల్లలంతా అలవాటు కొద్దీ ఒక్కసారే లేచి, చేతులు కట్టుకుని రాగం తీశారు: "గూడ్ మాఆర్నింగ్ సాఆర్! గాడ్ బ్లెస్ యూ సాఆర్!" మా బడి పిల్లలు (మేం నేర్పింది "నమస్తే సార్" ఒక్కటే) నోళ్లు తెరుచుకుని వాళ్లకేసి చూస్తున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పోలీసులు, జైలు, మా నాన్న ముఖం, వరసగా కళ్ల ముందు తిరిగాయి.

"గింత ఇంగ్లీషు ఎవరు నేర్పిండ్రు?" అన్నాడు ఆఫీసర్. పెద్దమేడం నా వైపు వేలు చూపించింది (నన్ను కాపాడ్డానికో, తను తప్పించుకోడానికో ఇప్పటికీ తెలీదు). ఆయన నా వీపు తట్టాడు. "శభాష్! గిసొంటి సారు ఈడ ఉండుడేంది? బాలానగర్ బడిల ఇంగ్లీషు చెప్పేటోళ్లే లేరు. రేపట్నుంచి ఆడికి పో."

ఉద్యోగం నిలిచింది, గది పోయింది. ఆ వారమే తాళంచెవి పక్కింటక్క చేతిలో పెట్టి, ఏడుపు ఆపుకుంటూ ఆటో ఎక్కాను. పిల్లలు వీధిలో వరసగా నిలబడి మళ్లీ అదే రాగం తీశారు. దేవుడి దీవెన అంత దగ్గరగా విని అంత భయపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా.

ఇప్పుడు పర్మనెంటు పంతుల్ని, పొట్ట కూడా వచ్చింది. అయినా ఎవరైనా శభాష్ అంటే చాలు, "ఏ ఊరికి సార్?" అని అడిగేస్తాను.